ముక్తి: దేని నుంచి, దేనికి?

ముక్తి గురించి చెప్పే ఏ వాక్యానికైనా రెండు చిన్న మాటలు ఆధారం. ఒకటి కదలిక ఎటువైపో చెబుతుంది. రెండోది ఆ కదలికకు అవతలి కొస ఏదో చెబుతుంది. ఇంగ్లీషులో ఈ రెండూ పక్కపక్కన విడివిడిగా కనిపిస్తాయి: ‘అవుట్ ఆఫ్’, ‘అవే ఫ్రమ్’, ‘అప్ టు’, ‘డౌన్ ఫ్రమ్’. ఈ జంటల్లో మొదటిది అడ్వర్బ్ పార్టికల్, రెండోది ప్రిపొజిషన్. రోజువారీ మాటల్లో ఇవి ఒకే మాటలా దొర్లిపోతాయి కాబట్టి ఎవరూ విడదీసి చూడరు. తత్త్వ చర్చలో మాత్రం విడదీయక తప్పదు. బంధం నుంచి బయటపడడమే ముక్తా? దేవుణ్ణి చేరడం ముక్తా? ఎక్కడి నుంచీ, ఎక్కడికీ అన్న ప్రశ్నే పుట్టని స్థితి ముక్తా? తిరుపతి కొండ చుట్టుపక్కల నేల ఈ మూడు జవాబులనూ విన్నది.

ముందు వ్యాకరణం చూడాలి. ఇంగ్లీషులో ‘గో అవుట్’ అంటే వాక్యం పూర్తయినట్టే. ఎక్కడి నుంచి అని చెప్పకపోయినా వినేవాడికి లోటుండదు. ‘గో అవుట్ ఆఫ్’ అని ఆపితే మాత్రం వాక్యం తెగిపోతుంది. ఆ ‘ఆఫ్’ తర్వాత ఒక నామవాచకం రావలసిందే. పార్టికల్ క్రియను పట్టుకుని ఉంటుంది, ప్రిపొజిషన్ తన వెనక వచ్చే నామాన్ని పట్టుకుంటుంది. అందుకే ‘గో అప్ టు ది టెంపుల్’ అంటారు, ‘గో టు అప్ ది టెంపుల్’ అనరు. దిక్కు ముందు, సంబంధం తర్వాత. వాడుక ముదిరేకొద్దీ దిక్కు అరిగిపోతుంది. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. అందులో ‘అప్’ పైకి పోవడాన్ని చెప్పదు. ‘విత్’ మాత్రం తన పని మానలేదు, ఎవరిని ఓర్చుకుంటున్నారో చెప్పమని అడుగుతూనే ఉంటుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ రాకుండా ‘మీటింగ్’ రావడానికి కారణం కూడా ఇదే: ఆ ‘టు’ ప్రిపొజిషన్, దానికి నామమో నామంలాంటి రూపమో కావాలి. తెలుగు పిల్లలు తరచుగా తడబడే చోటు ఇది. దిక్కు పోయినా సంబంధం మిగులుతుందన్న ఈ చిన్న సంగతి తర్వాత వచ్చే తత్త్వ విచారణకు చాలా ముఖ్యం.

తెలుగులో ఈ పని నామం తర్వాత జరుగుతుంది. పై, కింద, లోపల, బయట వంటి స్థలవాచకాలకు మళ్లీ విభక్తి చేరుతుంది: పైకి, కిందికి, లోపలి నుంచి, బయటికి. ఇంగ్లీషు వరసలో చివర ఉండే నామం ఇక్కడ ముందుకొస్తుంది. నామం ముందు, స్థలం తర్వాత, విభక్తి చివర. చాలాసార్లు దిక్కును క్రియే మింగేస్తుంది. ఎక్కు, దిగు, చేరు, వీడు అన్న క్రియలకు పక్కన వేరే దిక్కు మాట అక్కర్లేదు. తిరుపతిలో ‘కొండకు పోయినారు’ అంటే చాలు, ఏ కొండో ఎటువైపో అడగాల్సిన పని లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. అక్కడ దారి పేరు చెబితేనే దిక్కు తెలిసిపోతుంది.

సంస్కృతంలో పాణిని ఈ తేడాను పేర్లు పెట్టి మరీ చూపించాడు. ప్ర, పరా, అను, ప్రతి, అభి మొదలైన ఇరవై రెండు మాటలు క్రియతో కూడితే ఉపసర్గలు. వాటిలో కొన్ని క్రియను వదిలి, నామానికి ఉన్న సంబంధాన్ని చెప్పినప్పుడు కర్మప్రవచనీయాలు. ‘అను’ అన్న మాట ఒక చోట క్రియ అర్థాన్ని మలుస్తుంది, మరో చోట నామానికి ద్వితీయా విభక్తి తెప్పిస్తుంది. ఇంగ్లీషు పార్టికల్‌కు, ప్రిపొజిషన్‌కు మధ్య ఉన్న తేడా దాదాపు ఇదే.

మరి ఈ చిన్న మాటలకు సొంత అర్థం ఉందా? యాస్కుడు నిరుక్తం మొదట్లోనే ఈ వివాదాన్ని చెప్పాడు. విడిగా ఉన్న ఉపసర్గ అర్థం చెప్పదని, నామంలోనో క్రియలోనో ఉన్న అర్థాన్ని వెలిగించి చూపిస్తుందని శాకటాయనుడి మతం. వాటికి రకరకాల సొంత అర్థాలున్నాయని గార్గ్యుడి మతం. తర్వాతి శాస్త్రకారులు మొదటి పక్షాన్ని ద్యోతకత్వమని, రెండోదాన్ని వాచకత్వమని పిలిచారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఉపసర్గలను ద్యోతకాలుగా, ‘చ’ వంటి మిగతా నిపాతాలను వాచకాలుగా తీసుకున్నారు. వైయాకరణులు రెండూ ద్యోతకాలే అన్నారు. భర్తృహరి వాక్యపదీయంలో కర్మప్రవచనీయానికి వేరే చోటు ఇచ్చాడు: అది క్రియను సూచించదు, ఒక సంబంధాన్ని తక్కిన సంబంధాల నుంచి వేరుచేసి చూపిస్తుంది. ఈ వివాదంలో ఎక్కువ బలమున్న మాట ఇదే. ఒంటరిగా నిలబడలేనంత మాత్రాన ఆ మాట ఉత్తదైపోదు. రెండు వస్తువుల మధ్య ఉన్నది ఆ రెండింటిలో దేనికీ చెందకపోయినా నిజమే కావచ్చు.

1960ల మొదట్లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా మొదలై, 2020 నుంచి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా ఉన్న తిరుపతి సంస్థలో వ్యాకరణం, న్యాయం, అద్వైతం, విశిష్టాద్వైతం ఒకే ప్రాంగణంలో బోధిస్తారు. ముక్తి గురించి ఒకదానితో ఒకటి పొసగని శాస్త్రాలు పక్కపక్క గదుల్లో నడుస్తాయి. వాటి మధ్య తగువు ఏ విభక్తి దగ్గర మొదలవుతుందో గమనిస్తే చర్చ చాలా తేటపడుతుంది.

‘నుంచి’ పక్షానికి న్యాయదర్శనం మంచి ఉదాహరణ. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం అపవర్గమంటే దుఃఖం నుంచి పూర్తిగా, మళ్లీ రాకుండా విడివడడం. చేరేది ఏదీ లేదు. దుఃఖంతో పాటు సుఖం కూడా పోతుంది, జ్ఞానం కూడా పోతుంది, ఆత్మ మిగులుతుంది. ఈ స్థితిని ఎద్దేవా చేసినవాళ్లు తక్కువేమీ కాదు. శ్రీహర్షుడు నైషధంలో ఒక చార్వాకుడి నోట, తెలివున్న ప్రాణులకు రాయి కావడమే ముక్తి అని బోధించినవాడంటూ గౌతముణ్ణి ఎత్తిపొడిపించాడు. వేళాకోళం పక్కన పెట్టి ఆలోచిస్తే నైయాయికుడి మాటలో నిజాయితీ ఉంది. రోగికి కావలసింది రోగం పోవడం. రోగం పోయాక ఏం దొరుకుతుందని అడగడం వేరే ప్రశ్న. ఇంగ్లీషులో ‘గెట్ అవుట్ ఆఫ్’ అన్న మాటలో కూడా చేరే చోటు లేదు, వదిలే చోటే ఉంది.

పాణిని ఈ ‘నుంచి’కి అపాదానమని పేరు పెట్టాడు. ఎడబాటు జరిగేటప్పుడు ఏది ధ్రువంగా, అంటే కదలకుండా నిలిచి ఉంటుందో అది అపాదానం. చెట్టు నుంచి ఆకు రాలితే చెట్టు ధ్రువం. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అధర్మం నుంచి వెనక్కి తగ్గినవాడు ఏ చోటునూ విడిచిపోలేదు కదా! ఇలాంటి వాటికి విడిగా నియమం చెప్పాలని కాత్యాయనుడు అనుకున్నాడు. పతంజలి మహాభాష్యంలో అవసరం లేదన్నాడు. ఆలోచనాపరుడు అధర్మాన్ని మనసుతో సమీపిస్తాడు, అందులోని కీడును చూస్తాడు, మనసుతోనే వెనుదిరుగుతాడు. మనసు అంటుకుని విడివడితే అది కూడా ఎడబాటే. మోక్షశాస్త్రాలు వాడే ‘నుంచి’ అంతా ఈ వివరణ నీడలోనే ఉంది. సంసారాన్ని వదలడమంటే ఊరు వదలడం కానక్కర్లేదన్న మాటకు వ్యాకరణంలో ఇంతకంటే గట్టి సమర్థన దొరకదు.

‘కి’ పక్షం తిరుమలది. శ్రీవైష్ణవ సంప్రదాయం చెప్పే ప్రకారం రామానుజులు తిరుపతి కొండ కింద తన మేనమామ తిరుమలనంబి దగ్గర ఒక ఏడాది పాటు రామాయణ రహస్యాలు విన్నారు. ఆ సంప్రదాయానికి రామాయణం శరణాగతి శాస్త్రం. అందులో విభీషణుడి రాక గుండెకాయ లాంటిది. విభీషణుడు లంకను, భార్యాబిడ్డలను వదిలి సముద్రం దాటి వచ్చాడు. సుగ్రీవుడు నమ్మలేదు. కష్టంలో ఉన్న అన్నను విడిచినవాడు ఇక ఎవరిని విడవడని అడిగాడు. ఆ అనుమానంలో న్యాయముంది. విడిచి రావడం ఒక్కటే చూస్తే విభీషణుడికి, ఏ ద్రోహికీ తేడా లేదు. రాముడు ‘నుంచి’ని పట్టించుకోలేదు, ‘కి’ని చూశాడు. తన దగ్గరికి ఒక్కసారి వచ్చి నీవాడినన్నవాడికి అభయమిస్తాననడం తన వ్రతమన్నాడు. విడవడానికి విలువ చేరిన చోటు వల్ల వచ్చింది. గీత చివరి అధ్యాయంలో శ్రీవైష్ణవులు చరమశ్లోకంగా చెప్పుకునే మాటలోనూ అన్నీ విడవడం, ఒక్కడినే శరణనడం జంటగానే వస్తాయి.

అందుకే రామానుజుల విశిష్టాద్వైతంలో మోక్షానికి దారి ఉంది, మజిలీలున్నాయి, గమ్యముంది. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో చెప్పిన అర్చిరాది మార్గాన్ని, అంటే వెలుగుతో మొదలయ్యే దారిని, రామానుజులు అక్షరాలా దారిగానే తీసుకున్నారు. చేరిన తర్వాత కూడా జీవుడు కరిగిపోడు. జ్ఞానానందాలలో బ్రహ్మంతో సాటి అవుతాడు, జగత్తును సృష్టించే పని మాత్రం అతనిది కాదు, అతనికి మిగిలేది కైంకర్యం, అంటే సేవ. అంటే ముక్తిలో దిక్కు తీరిపోతుంది, సంబంధం మిగులుతుంది. నడక ఆగినా ‘కి’ ఆగదు. దేహానికి ఆత్మకు ఉన్నట్టు జీవుడికి ఈశ్వరుడితో ఉన్న సంబంధం విడదీయరానిదని, అది అపృథక్సిద్ధమని రామానుజులు చెప్పారు. ఇంకొకరి మీద ఆధారపడి ఉండడం అబద్ధం కావడానికి కారణం కాదన్నదే ఆయన వాదానికి నడుము. ఒంటరిగా నిలబడలేని మాటకు కూడా అర్థముందన్న గార్గ్యుడి వాదం పక్కన దీన్ని పెట్టి చదివితే రెండింటి పోలిక స్పష్టంగా తెలుస్తుంది. ఒకటి పదం గురించి, రెండోది జీవుడి గురించి.

తిరుమలలో ఈ కదలికకు రెండో వైపు కూడా ఉంది. వైకుంఠంలోని పరరూపం నుంచి వ్యూహం, విభవం, అంతర్యామి, చివరికి అర్చ దాకా దేవుడి రాకను సంప్రదాయం ఐదు మెట్లుగా చెబుతుంది. కొండ మీద ఉన్నది అర్చామూర్తి, భక్తుడి కంటికి అందేలా దిగి వచ్చిన రూపం. భక్తుడు అలిపిరి మెట్లెక్కి పైకి పోతుంటే దేవుడు ముందుగానే కిందికి వచ్చి ఉన్నాడన్నమాట. ఆ కొండను పాదాలతో తొక్కకూడదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని భక్తుల నమ్మకం. ఆ తావును ఇప్పటికీ మోకాళ్ల మెట్టు అంటారు. చేర్చేది ఎవరన్న ప్రశ్న మీద శ్రీవైష్ణవులే రెండుగా చీలారు. వడగలై వారికి కోతిపిల్ల ఆదర్శం, అది తల్లిని గట్టిగా పట్టుకుంటుంది. తెంగలై వారికి పిల్లికూన ఆదర్శం, దాన్ని తల్లే నోట కరచుకుని పోతుంది. ఇంగ్లీషులో చెబితే మొదటిది ‘హోల్డ్ ఆన్ టు’, రెండోది ‘పిక్ అప్’. మొదటిదానిలో పట్టుకునేవాడికి ఒక ‘టు’ కావాలి. రెండోదానిలో కూన చేసేది ఏమీ లేదు, అది కర్మ స్థానంలో ఉండిపోతుంది.

వ్యాకరణం, యాత్ర నేరుగా కలిసే చోటు ఒకటుంది. గమనార్థక క్రియలకు గమ్యం ద్వితీయలో రావచ్చు, చతుర్థిలోనూ రావచ్చునని పాణిని రెండో అధ్యాయం మూడో పాదంలో అనుమతించాడు. చతుర్థి దానం పుచ్చుకునేవాడి విభక్తి. ఊరిని చేరేవాడు ఊరికి ఏదో ఇచ్చినట్టుగా కూడా చెప్పవచ్చన్నమాట. అయితే రెండు షరతులు పెట్టాడు. కదలిక ఒంటితో జరగాలి. గమ్యం దారి కాకూడదు. భట్టోజీ దీక్షితుడు సిద్ధాంతకౌముదిలో మొదటి షరతుకు ఇచ్చిన ఉదాహరణలో ఒక భక్తుడు మనసుతో హరి దగ్గరికి పోతాడు, అక్కడ ద్వితీయ తప్ప చతుర్థి పనికిరాదు. తెలుగులో ఈ కట్టుబాటు లేదు. యాత్రికుడు కొండకు పోతాడు, స్వామికి తలనీలాలిస్తాడు. రెండు చోట్లా అదే విభక్తి. చేరడం, ఇవ్వడం తెలుగులో ఒకే రూపంలో ఇమిడిపోయాయి. ప్రపత్తి, అంటే శరణాగతి, సిద్ధాంతం చెప్పేది కూడా అదే కదా: చేరడమంటే తనను తాను అప్పగించుకోవడం.

మూడో జవాబు అద్వైతానిది. మోక్షం కొత్తగా పుట్టించేది కాదు, నడిచి చేరేది కాదు, ఒకదాన్ని మార్చి తెచ్చేది కాదు, శుభ్రం చేసి తేల్చేది కాదని శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో నాలుగు దారులూ మూసేశారు. మెడలోనే ఉన్న హారాన్ని పోయిందనుకుని వెతికేవాడికి అది ‘దొరికినప్పుడు’ జరిగింది రాక కాదు, పోక కాదు. ఇక్కడ ‘కి’ ఉండదు. బంధమే అజ్ఞానం వల్ల తోచింది కాబట్టి ‘నుంచి’కి కూడా ధ్రువమంటూ ఏదీ మిగలదు. ఈ వాదం చాలా పదునైనది. చిత్తూరు సీమలో దాన్ని జీవితంతో కలిపి చూపినవాళ్లలో తరిగొండ వెంగమాంబ (1730–1817) ముందు నిలుస్తారు. వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదగా చెప్పి, రాజయోగామృతసారం రాసిన ఆమె గమ్యం లేని జ్ఞానాన్ని ఎరగని మనిషి కాదు. అయినా తరిగొండ వదిలి తిరుమలకు చేరారు, వేంకటాచల మాహాత్మ్యం రాశారు, అక్కడే తనువు చాలించారు. ఆమె బృందావనం తిరుమలలోనే ఉంది. ఎక్కడికీ పోనక్కర్లేదన్న జ్ఞానం, కొండకు పోవాలన్న భక్తి ఆమెలో తగువు పడలేదు. ఈ పొందికను సిద్ధాంతంలో లోపమనుకోవడం తొందరపాటు. మాటకు అందని స్థితిని నమ్మినవాళ్లు కూడా మాటతో, నడకతోనే బతకాలి.

బుద్ధుడు ప్రశ్ననే పక్కకు నెట్టాడు. మజ్ఝిమనికాయంలో వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు ముక్తుడు చనిపోయాక ఎక్కడ పుడతాడని అడుగుతాడు. ఎదురుగా మండుతున్న నిప్పు ఆరిపోతే అది తూర్పుకు పోయిందా, పడమరకు పోయిందా, ఉత్తరానికా, దక్షిణానికా అని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. కట్టెలు అయిపోయాయి, నిప్పు ఆరింది. దానికి దిక్కు అడగడం పొసగదు. ఇంగ్లీషులో దీపం ‘గోస్ అవుట్’ అంటారు. పార్టికల్ ఉంది, వెనక ‘ఆఫ్’ లేదు. తెలుగు ఇళ్లలో దీపం ఆరిందనడం అశుభమని ‘కొండెక్కింది’ అంటారు. ఆరిన దీపానికి కూడా దిక్కు చూపించకుండా ఉండలేకపోయింది భాష. వచ్చగోత్తుడి ప్రశ్న మనిషికి ఎంత సహజమో ఈ వాడుకే చెబుతోంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నను ఇంగ్లీషులో, సరిగ్గా ఆ చిన్న మాటల దగ్గరే, మళ్లీ లేవనెత్తినవాడు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలోది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1929లో హాలండులోని ఓమెన్‌లో తన కోసం కట్టిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ అన్న సంస్థను తానే రద్దు చేస్తూ, సత్యానికి దారి లేదన్నాడు. అంటే ‘టు’ పోయింది. తర్వాతి దశాబ్దాల ప్రసంగాల్లో ‘ఫ్రమ్’ను కూడా వదల్లేదు. ఒకదాని నుంచి స్వేచ్ఛ అన్నది స్వేచ్ఛ కాదని, అది ఆ వస్తువుకు ప్రతిక్రియ మాత్రమేనని పదే పదే చెప్పాడు. భయం నుంచి దూరంగా పరుగెత్తేవాడు భయాన్ని వెంట తీసుకుపోతాడని, ఉన్నదాన్ని విడిచి కదలకుండా చూడడమే మార్పు అని ఆయన మాటల సారం.

ఈ వాదాన్ని పాణిని అపాదానంతో చదివితే దాని బలం తెలుస్తుంది. ‘నుంచి’ వాడిన ప్రతిసారీ ఒక ధ్రువాన్ని ఒప్పుకోవాలి. భయం నుంచి పారిపోతున్నానన్నవాడు భయాన్ని కదలకుండా నిలబెట్టి, తాను కదులుతున్నాడు. పతంజలి చెప్పిన ఆలోచనాపరుడు మనసుతో వెనుదిరిగినా అధర్మం తన చోటనే ఉంటుంది. కృష్ణమూర్తి అడిగింది ఆ ధ్రువమే కరిగిపోవాలని. ధ్రువం లేనిచోట ఎడబాటు లేదు, ఎడబాటు లేనిచోట ‘ఫ్రమ్’ అక్కర్లేదు. అయితే 1969లో ఆయన ప్రసంగాలతో కూర్చిన ప్రసిద్ధ గ్రంథం పేరే ‘ఫ్రీడమ్ ఫ్రమ్ ది నోన్’. భాష ఆ మాటను అడుగుతూనే ఉంది. ఇది ఆయన తప్పు కాదు, వాదానికి దెబ్బా కాదు. ఏ మాటతో చెప్పినా ఒక కొసను పట్టుకోక తప్పదని మాత్రమే దీనివల్ల తేలుతుంది.

కృష్ణమూర్తికి శ్రీవైష్ణవులు ఇవ్వగలిగిన జవాబు కూడా ఇక్కడే ఉంది. ధ్రువాన్ని కరిగించే శక్తి, దానికి కట్టుబడి ఉన్నవాడికి ఎక్కడి నుంచి వస్తుందని వారు అడుగుతారు. విభీషణుడు లంకలో కూర్చుని లంకను ఎంత తేటగా చూసినా విభీషణుడిగానే ఉండిపోయేవాడు. కదిలించింది అవతలి ఒడ్డున రాముడు ఉండడం. చూపు ఒక్కటే చాలు అనేవాడికి గురువు అక్కర్లేదు, చేరే చోటూ అక్కర్లేదు. కృష్ణమూర్తి ఆ రెండింటినీ ఒప్పుకోలేదు. చాలదనేవాడికి ఆ రెండూ లేకుండా ముక్తి అన్న మాటే పూర్తి కాదు.